కొలోన్ నగరమున వెఱ్ఱిపండుగ



నేటి ప్రసంగమునకు విషయము జర్మనీదేశమున చలికాలపు తుదిని జరుగు నొక పండుగ యొక్క చరిత్ర. రైన్ నదీతీరవాసులు దానిని కార్నివాల్ అందురు. ఇది మనకు దూరపు సంగతి యని తోపవచ్చును. కాని నేడు మన గ్రామములనుండి సయితము పిల్లలు చదువులకై, ఉద్యోగములకై ఆ దేశమునకు పోవుచున్నారు. ఫిబ్రవరి మాసమున వారు పంపు ఛాయాచిత్రములలో నెరసిన తలల పెద్దమనుష్యులు విదూషకుల టోపీలు పెట్టుకొని నడివీధిలో గంతులు వేయుచుండుట చూచి, "గడియారము ననుసరించి నడచుకొను జాతి యని పేరుపొందిన వీరి కేమి వచ్చినది?" అని మనలో పెద్దలు ఆశ్చర్యపడుదురు.

ఆ యాశ్చర్యమునకు సమాధానము చరిత్రలో నున్నది. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి కలదు. ఊరంతయు నవ్వుచున్నప్పుడు ఆ యూరివాడు కాని మనుష్యుని స్థాన మేది? అతడు వారితో కలిసి నవ్వువాడా, లేక వారి నవ్వునకు గురియగువాడా? కొలోన్ నగరము ఈ ప్రశ్నకు వేర్వేరు కాలములలో రెండు విధములైన ప్రత్యుత్తరములు ఇచ్చియున్నది. ఆ రెంటిని మీకు మనవి చేసెదను.

మొదట పండుగ కాలమును గూర్చి చెప్పవలెను. క్రైస్తవులలో ఈస్టరు పండుగకు ముందు నలువది దినములు ఉపవాసదీక్ష పాటించుట పూర్వాచారము. ఆ దీక్ష బూడిద బుధవారమున ఆరంభమగును. ఆనాడు చర్చిలో పాదిరి భక్తుల నొసటిపై బూడిదతో సిలువ గుర్తు పెట్టి, మనుష్యుడు మట్టినుండి వచ్చి మట్టిలో కలియువా డని జ్ఞాపకము చేయును. దీక్షాదినములలో మాంసము వర్జ్యము గనుక, అంతకు ముందే తినవలసినది తిని, ఆడవలసినది ఆడి, మనసు తీర్చుకొనుట అలవాటైనది. ఆ యలవాటే పండుగగా పెరిగినది.

ఈస్టరు తిథిని వసంతారంభము తరువాత వచ్చు పున్నమినిబట్టి నిర్ణయింతురు. అందుచేత ఈ పండుగయు మన పండుగలవలెనే చంద్రుని వెంట ముందునకు వెనుకకు జరుగుచుండును. 2023వ సంవత్సరమున మన మహాశివరాత్రి ఫిబ్రవరి 18వ తేదీని రాగా, కొలోన్ వారి పెద్ద యూరేగింపు ఫిబ్రవరి 20వ తేదీని నడచినది. అయితే పండుగకాలమునకు నాంది మాత్రము అంతకు ఎంతో ముందు, నవంబరు 11వ తేదీన, సరిగా 11 గంటల 11 నిమిషములకు పలుకుదురు. పదునొకండు వెఱ్ఱివారి సంఖ్య యట. దేవుడు విధించిన యాజ్ఞలు పది గనుక, వానిని ఒక మెట్టు దాటినదే పదునొకం డని అచ్చటివారు వేడుకగా చెప్పుకొందురు.

జర్మనీలో ఈ పండుగ అంతటను లేదు. ఉత్తరభాగమున దీనిని పట్టించుకొనువారు తక్కువ. దక్షిణమున కొయ్యముఖములు తగిలించుకొని, గంటలు కట్టుకొని తిరుగు ఆచారము కలదు. రైన్ నదివెంట మైన్‌జ్, డ్యుసెల్‌డోర్ఫ్, కొలోన్ నగరములు దీనికి ముఖ్యస్థానములు. వీనిలో కొలోన్ చరిత్ర మన ప్రశ్నకు మిక్కిలి యుపకరించును. కావున ఆ నగరమునకే పోవుదము.

కొలోన్ పుట్టుకయే పరదేశీయుల వలన. క్రీ. శ. 50వ సంవత్సరమున రోమక చక్రవర్తి క్లాడియస్ ఆ జనపదమునకు వలసనగర మను పదవి నిచ్చెను. వలసనగరమునకు లాటిను భాషలో కొలోనియా యని పేరు. ఆ మాటయే అరిగి కొలోన్ అయినది. క్రీ. శ. 321వ సంవత్సరమున చక్రవర్తి కాన్‌స్టంటైన్ పంపిన యొక శాసనమునుబట్టి, అప్పటికే అచ్చట యూదులు కాపురముండిరని తెలియుచున్నది. ఈ సంగతి మనసున నుంచుకొనుడు. తరువాత దీనితో పని యున్నది.

పండుగ ప్రస్తావన నగరపు పత్రములలో 1341వ సంవత్సరమున కానవచ్చును. నగరసభ్యులు ఈ వేడుకకై ఊరి ధనాగారమునుండి సొమ్ము ఇయ్యరాదని తమ ప్రమాణగ్రంథమున వ్రాసికొనిరి. ఉత్సవపు ఖర్చు ఎవరు పెట్టుకోవలె నను తగవు మన గ్రామములలోనే పుట్టినది కాదని దీనివలన తేలుచున్నది.

1794వ సంవత్సరమున ఫ్రెంచిసేనలు కొలోన్‌ను ఆక్రమించుకొనెను. మఱుసటి యేట వేషములు వేసికొని తిరుగరాదని నిషేధించిరి. కొన్ని యేండ్లకు ఆ నిషేధము సడలినది. నెపోలియన్ పతనము తరువాత, 1815లో, నగరము ప్రష్యారాజు చేతిలో పడెను. ప్రష్యావారు ఉత్తరదేశీయులు, ప్రొటెస్టంటు మతస్థులు, సైనికశిక్షణయే ప్రాణముగా గలవారు. కొలోన్ ప్రజలు కాథలిక్కులు, వేడుక ప్రియులు. ఒకే జర్మనుజాతి వారైనను ఒకరినొకరు అనుమానముతో చూచుకొనుచుండిరి.

ఈ కాలముననే పండుగకు నేటి రూపము వచ్చినది. 1823వ సంవత్సరమున నగరములోని విద్యావంతులును సంపన్నులును ఒక సంఘముగా కూడి, చెదరి మోటుపడిన పండుగను సంస్కరించిరి. ఆ యేడు ఫిబ్రవరి 10వ తేదీన మొదటి పెద్ద యూరేగింపు నడచెను. కార్నివాల్ అను వీరుడు సింహాసన మెక్కుట ఆ యూరేగింపునకు కథావస్తువు. నిజమైన రాజు బెర్లినులో నుండగా, కొలోన్ వీధులలో వెఱ్ఱివారి రాజు రథమెక్కెను. చెప్పదలచినది చెప్పిరి, పట్టుకొని శిక్షించుటకు వీలులేని విధమున చెప్పిరి.

అదే యేట ఎఱ్ఱదుస్తుల హాస్యసేన యొకటి యేర్పడినది. పూర్వము కొలోన్ స్వతంత్రనగరముగా నున్నప్పుడు దానికి సొంత సిపాయిలుండిరి. వారికి జీతము చాలక, కాపలా కాయుచునే మేజోళ్లు అల్లుకొనెడివారని చెప్పుదురు. ఆ సిపాయిల వేషమును ఈ హాస్యసేన తాల్చెను. కొయ్య తుపాకి గొట్టములో పూలగుత్తి గ్రుచ్చుదురు. కవాతు మధ్యలో ఇద్దరిద్దరు వీపులు కలిపి పిఱుదులు రాచుకొనుచు నృత్యము చేయుదురు. ప్రష్యావారి కవాతును నిత్యము చూచుచున్న జనులకు ఈ వెక్కిరింత అర్థమగుటకు వ్యాఖ్యానము అక్కఱలేదు.

ఇక్కడ మన పగటివేషగాండ్రు జ్ఞప్తికి రాకమానరు. వారు కరణమును, మునసబును వారి యెదుటనే అనుకరించి నవ్వించుచుండిరి. ఆ కరణమే నవ్వి బహుమాన మిచ్చుచుండెను. కొలోన్‌లోను అట్టిదే జరిగినదని చెప్పుదురు. 1827వ సంవత్సరమున అచ్చటనున్న ప్రష్యా సేనాధిపతి యొకడు, పండుగసభలో పాల్గొను వారందఱును ఒకేరీతి టోపీ ధరించినచో పెద్ద చిన్న భేదము తోపదని సూచించెనట. ఎవరిని వెక్కిరించుటకు పండుగ పెరిగినదో, వారిలో నొకడే పండుగలో చేరి దానికి గుర్తగు టోపీ నిచ్చినాడు. పరదేశికి చోటిచ్చు నవ్వు ఇట్టిది.

స్త్రీలును వెనుకబడలేదు. కొలోన్‌కు ఎగువను, బాన్ నగరమున కెదురుగా, బాయెల్ అను గ్రామ ముండెను. అచ్చటి స్త్రీలు కొలోన్‌వారి బట్టలు ఉతికి జీవించుచుండిరి. ఉతికిన బట్టలను పురుషులు పడవలపై కొలోన్ చేర్చి, పండుగదినములలో అచ్చటనే ఆడిపాడి తిరుగుచుండిరి. చలిలో చేతులు పగులునట్లు బట్టలుతుకువారు వీరు, వేడుక వారిది. 1824వ సంవత్సరమున ఆ చాకలి స్త్రీలు తమలో తాము సంఘముగా చేరి, పండుగలో తమకును ఒక దినము కావలె నని నిలిచిరి. నేడు బూడిద బుధవారమునకు ముందటి గురువారము స్త్రీల దినముగా రైన్ నదీప్రాంతమంతట చెల్లుచున్నది. ఆనాడు స్త్రీలు నగరసభా భవనమును ముట్టడించి తాళపు చెవులు తీసికొందురు. కత్తెరలు చేతబట్టి, కనబడిన పురుషుని మెడలోని టై కత్తిరింతురు. ఇది తెలియని పరదేశి మంచి పట్టు టై కట్టుకొని కార్యాలయమునకు పోయెనా, సగము టైతో ఇల్లు చేరును. కోపగించుకొనుట మర్యాద కాదు. తెలిసినవారు ఆ దినమునకై పాతదానిని దాచియుంచుకొందురు.

సోమవారపు టూరేగింపు పండుగకు శిఖరము. పదివేలమందికి పైగా వేషధారులు, బండ్లు, గుఱ్ఱములు, మేళములు గంటలకొలది సాగిపోవుచుండును. చూడవచ్చువారు లక్షలు. బండ్లపైనుండి సుమారు 300 టన్నుల మిఠాయిలు జనులమీద వెదజల్లుదు రని లెక్క చెప్పుదురు. పిల్లలు గొడుగులు తలక్రిందుగా తెఱచి పట్టుకొని వానిని ఏరుకొందురు. "అలాఫ్" అను కేక మిన్ను ముట్టును. అది కొలోన్ నగరమునకు జయము పలుకు కేక. పొరుగున డ్యుసెల్‌డోర్ఫ్‌లో "హేలావ్" అనవలెను. తప్పి ఒకచోటిది మఱియొకచోట పలికిన పరదేశిని నవ్వుచునే దిద్దుదురు.

ఊరేగింపునకు నాయకులు ముగ్గురు: రాజకుమారుడు, రైతు, కన్య. రైతు నెమలి యీకల కిరీటము ధరించి, కోటతాళపు చెవులు చేతబట్టి, రాజకుమారుని ప్రక్కనే నిలుచును. సేద్యము చేయువానికి ఇంతటి పీఠమిచ్చిన పండుగ మన పెద్దలకు ముచ్చట గొలుపకమానదు. కన్య శత్రువులకు లొంగని నగరమునకు గుర్తు. ఆ పాత్రను పురుషుడే ధరించుట ఆచారము.

అచ్చట నివసించు పరదేశులు ఈ దినములను గూర్చి ఇంచుమించుగా ఒకే మాట చెప్పుదురు. ఆఱు మాసములుగా మెట్లమీద నమస్కారము తప్ప మాటాడని పొరుగింటివాడు హఠాత్తుగా చేయి చేతిలో మెలివేసి, పాటకు తగినట్లు ఇటునటు ఊగును. పాటలు కొలోన్ మాండలికమున నుండును. జర్మనుభాషను పుస్తకములలో నేర్చినవానికి అందులో సగమైనను తెలియదు. అయినను బెంగపడ నక్కఱలేదు. బెర్లినునుండి వచ్చిన జర్మనుకును ఆ పాటలు తెలియవు. బయటినుండి వచ్చినవాడు ఎవడైనను, జర్మనైనను అన్యుడైనను, కొలోన్‌వారికి "ఇమ్మి"యే. ఇక వేషము వేసిన ప్రతివాడును "జెక్", అనగా వెఱ్ఱిబాగులవాడు. ఏ వెఱ్ఱి దాని వెఱ్ఱియే, ఎవని తీరు వానిది, అను నర్థమిచ్చు సామెత వారి నోట తఱచుగా వినబడును. బుధవారము రాగానే పొరుగింటివాడు మరల నమస్కారముతో సరిపుచ్చును. ఆ చెలిమి బూటక మని తలపరాదు. గీత దాటుటకు వారికి ఒక కాలము నియతమై యున్నది; అది ముగిసినంతనే గీతకు ఇవతలికి వత్తురు.

ఇంతవరకు చెప్పినది నగరమిచ్చిన మొదటి ప్రత్యుత్తరము. ఇక రెండవది.

కొలోన్ యూదులు ఇతరులతోపాటు ఈ పండుగ చేసికొనుచుండిరి. 1922వ సంవత్సరమున వారు తమకొక పండుగసంఘమును సయితము స్థాపించుకొనిరి. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. మఱుసటి యేట, 1934 నాటి యూరేగింపులో ఒక బండి నడచెను. దానిపై కొందఱు నగరవాసులు యూదుల వేషములు, అంటించుకొన్న గడ్డములు ధరించి నిలిచిరి. కడపటివారు వెడలిపోవుచున్నారు అను నర్థమిచ్చు వ్రాత ఆ బండిమీద నుండెను. ఎన్నో తరములుగా ఆ నగరమున బ్రదికినవారిని, ప్రాణభయముతో దేశము విడుచుచున్న వారిని చూచి, ఊరు నవ్వినది. పూర్వము సేనాధిపతిని వెక్కిరించిన వీధియే ఇప్పుడు దిక్కులేనివారిని వెక్కిరించెను. పాటలు మాఱలేదు, మిఠాయిలు మాఱలేదు, వేషములు మాఱలేదు. నవ్వు పోవు దిక్కు మాఱినది.

1935లో ప్రభుత్వసంస్థ పండుగను తన చేతిలోనికి తీసికొనబోగా, సంఘములవారు ఎదిరించి తమ పెత్తనమును నిలుపుకొనిరి. దీనిని తరువాతివారు గొప్ప ధైర్యముగా చెప్పుకొనిరి. కాని ఆ పెత్తనము నిలుపుకొన్నవారు యూదులను తిరిగి పిలువలేదు. 1938, 1939 సంవత్సరములలో పురుషుడు స్త్రీవేషము వేయుట తగదను ప్రభుత్వాభిప్రాయమునకు లోబడి, కన్య పాత్రను స్త్రీలచేత ధరింపజేసిరి.

అందఱును లోబడలేదు. కార్ల్ క్యుపర్ అను హాస్యవక్త యొకడుండెను. అతడు సభావేదిక నెక్కి, నాజీలు నమస్కరించునట్లు కుడిచేయి ముందునకు చాచెడివాడు. సభ నిశ్శబ్దమగును. అప్పుడతడు అరచేయి చూచుకొని, వాన పడుచున్నదా యేమి అని అడిగెడివాడు. 1939లో ప్రభుత్వము అతడు వేదికపై మాటాడరాదని నిషేధించెను. ప్రాచీనమైన పండుగధర్మమును ఆ కాలమున నిలిపినవాడు అతడు. బలవంతుని యెదుట నిలిచి, బలవంతునే నవ్వులపాలు చేసెను.

1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీయందంతటను యూదుల ప్రార్థనాలయములు తగులబడెను, కొలోన్‌లోనివియు తగులబడెను. 1941 అక్టోబరు మొదలు కొలోన్ యూదులను నదికి ఆవలనున్న డాయిట్స్ స్టేషనునుండి రైళ్లలో తూర్పునకు పంపివేసిరి. అట్లు పోయిన వేలమందిలో బహుకొద్దిమంది మాత్రమే ప్రాణములతో తిరిగివచ్చిరి. 1934 నాటి బండిపై వ్రాసిన వ్రాతకు అర్థ మిట్లు తేలినది.

ఆ పిమ్మట యుద్ధము నగరమునే మట్టి చేసెను. 1942 మే 30వ తేదీ రాత్రి వేయి విమానములు దానిపై బాంబులు కురిపించెను. యుద్ధము ముగియునప్పటికి నడినగరమున నిలిచిన యిండ్లు మిక్కిలి తక్కువ. 1949వ సంవత్సరమున, ఆ శిథిలముల నడుమనే మరల ఊరేగింపు నడచెను. మరల వచ్చితిమి, చేతనైనది చేయుచున్నాము అనుట ఆనాటి వారి మాటలకు సారాంశము.

పడిన యిండ్లు లేచుటకు, ఫ్యాక్టరీలు తిరుగుటకు చేతులు కావలసెను. జర్మనీ 1955లో ఇటలీతోను, 1961లో టర్కీతోను, 1964లో పోర్చుగల్‌తోను ఒడంబడికలు చేసికొని కూలీలను పిలిపించుకొనెను. 1964 సెప్టెంబరు 10వ తేదీని, పదిలక్షలవ పరదేశపు కార్మికుడుగా లెక్కకు వచ్చిన పోర్చుగీసు వడ్రంగి అర్మాండో రొడ్రీగెస్ డి సా కొలోన్‌లో రైలు దిగెను. మేళతాళములతో ఎదురుకొని, పూలగుత్తియు మోపెడును బహూకరించిరి. అతడు దిగినది డాయిట్స్ స్టేషనున. ఇరువదిమూడు సంవత్సరములకు ముందు ఏ చోటినుండి నగరము తనవారిని వెడలగొట్టెనో, ఆ చోటనే అన్యునికి స్వాగతము పలికెను.

స్వాగతము ఒకనాటిది, కలిసి బ్రదుకుట దినదినము చేయవలసిన పని. పరదేశుల పిల్లలు అచ్చటనే పుట్టి పెరిగిరి. క్రమముగా వారును పండుగలోనికి వచ్చిరి. వలసవచ్చినవారు తామే వేదిక నెక్కి, తమను గూర్చియు, తమను చూచు జర్మనులను గూర్చియు హాస్యమాడు సభలు ఇటీవల పుట్టినవి. 2017వ సంవత్సరమున కొలోన్ యూదులు మరల తమ పండుగసంఘమును స్థాపించుకొనిరి. తగవులును లేకపోలేదు. నల్లరంగు పూసికొని ఆఫ్రికావారి వేషము వేయుట ఇన్నాళ్లు వేడుకగా చెల్లినది. అట్టి శరీరచ్ఛాయతో పుట్టినవారు, మా బ్రదుకు మీకు వేషమా యని నేడు అడుగుచున్నారు. కొందఱు పెద్దలు ఇది పండుగను చెఱచుట యందురు. నాకు మాత్రము ఇది పాత ప్రశ్నయే క్రొత్తగా వచ్చినట్లు తోచుచున్నది: నవ్వువా డెవడు, నవ్వునకు గురియగువా డెవడు?

నవ్వు ఆపవలసిన సమయమును ఆ నగరము నేర్చుకొన్నదనుటకు ఒక నిదర్శనము కలదు. 2022 ఫిబ్రవరి 24వ తేదీన, సరిగా స్త్రీల దినముననే, రష్యాసేనలు ఉక్రెయినులో ప్రవేశించినవి. పండుగసంఘమువారు సోమవారపు వేడుకను మానిరి. దానికి మాఱుగా శాంతికోరు ఊరేగింపు నడపిరి. సుమారు రెండున్నర లక్షలమంది వచ్చిరి. వేషములు వేసికొన్నవారును యుద్ధము వలదను పలకలు పట్టుకొని నడచిరి.

పండుగ ముగియు విధము చెప్పి విరమించెదను. పండుగదినములలో పానశాలల గుమ్మములపై గడ్డితో చేసిన యొక బొమ్మ వ్రేలాడుచుండును. దాని పేరు నుబెల్. మంగళవారము రాత్రి జనులు దానిని దింపి, చుట్టుచేరి విచారణ జరుపుదురు. మన డబ్బంతయు త్రాగినదెవరు? నుబెల్! మన తలలు చెడగొట్టినదెవరు? నుబెల్! ఇట్లు నేరములన్నియు దానిపై మోపి తగులబెట్టుదురు. మన కామదహనము చూచినవారికి ఆ మంట క్రొత్త కాదు. తెల్లవారినంతనే నొసట బూడిద పెట్టుకొని, చేపలు వండుకొని, మౌనముగా దీక్షలో ప్రవేశింతురు.

తన తప్పు మోయుటకు గడ్డిబొమ్మ నొకదానిని చేసికొనుట మనుష్యునికి సహజము; అందువలన ఎవరికిని హాని లేదు. ఆ బొమ్మ స్థానమున పొరుగువానిని నిలిపిననాడు పండుగ పాపమగును. కొలోన్ ఒకప్పుడు అట్లు చేసి, ఫలమనుభవించి, మరల గడ్డిబొమ్మకు తిరిగివచ్చినది. కావున అచ్చటనున్న మన పిల్లలు నవ్వుచున్న ఛాయాచిత్రములు పంపినప్పుడు, వారు వేసిన వేషమును చూచి నొచ్చుకొనకుడు. ఆ నవ్వులో వారికి చోటు దొరకినదా యని అడుగుడు. మన జాతరకు పొరుగూరినుండి, పొరుగుభాషనుండి వచ్చి నిలిచినవానికి చోటు దొరకుచున్నదా యని మనలను మనమును అడుగుకొందము.